ఎనిమిదో పాట

సైకిల్ షాపు మీది అద్దె గది,
జూన్ మొదటివారం.

తాళం,

బాగున్నావా? నీ పెళ్ళయ్యాక ఎవరూ నిన్నిలా పిలిచి ఉండరు. సంగీతం క్లాసులో మేమంతా తలో దారిన పోతుంటే నీ ఒక్కదాని చెయ్యే దారి తప్పేది కాదు. ఆ పేరు నీకు అలా వచ్చింది. నాకు కీచురాయి అని ఎందుకు వచ్చిందో మాత్రం ఇప్పుడు గుర్తుచేయకు.

ఫోన్ చేద్దామనుకున్నాను. మీ ఇంట్లో ఫోన్ మోగితే చాలు, మీ అత్తగారు స్టూడియో నుంచి పిలుపనుకుని జుట్టు దువ్వుకోవడానికి లేస్తారట కదా, అందుకని మోత తీసేశామని అన్నయ్యగారు ఆ మధ్య కనిపించినప్పుడు చెప్పారు. నాకూ ఫోన్‌లో గంటలకొద్దీ మాట్లాడే ఓపిక తగ్గింది. ఉత్తరమే నయం.

విషయానికి వస్తాను. మీ అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకి ఆవిడ పాత పాటలు ఎనిమిదింటిని కొత్తగా రికార్డు చేసి ఆల్బమ్ తెస్తున్నారు. పాడేది నేను. అవును, నేనే. ఇన్నేళ్ళుగా హోటళ్ళలో, ఆఫీసుల వార్షికోత్సవాల్లో, మీటింగులకి జనం పోగయ్యేదాకా, ఆవిడ పాటలే పాడి బతికాను. నా పేరు ఎవరికీ తెలియదు. "అచ్చం ఆవిడలా పాడే ఆవిడ" అంటారు, అంతే. అట్ట మీద నా పేరు పడటం ఇదే మొదలు.

స్టూడియో అనగానే ఏదో ఊహించుకోకు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్ వెనక రెండు గదులు. నేను నిలబడి పాడేది బీరువా కంటే కాస్త పెద్దది, గోడలనిండా నల్లటి స్పాంజి. మైకులో చప్పుడొస్తుందని ఏసీ ఆపేస్తారు. పాట అయ్యేసరికి పిండని బట్టలా బయటికొస్తాను. మధ్యలో అవతల డ్రిల్లు మోగిందంటే అందరం పని ఆపి, ఎవరిదో పన్ను పని అయ్యేదాకా దిక్కులు చూస్తూ కూర్చుంటాం.

ఆల్బమ్ కంపెనీ ఆయనకి 'ఇంకోసారి' అని పేరు పెట్టాను. అద్దం అవతల కూర్చుని, నేనెలా పాడినా వేలు పైకెత్తి అదే మాట అంటాడు. మనిషి మంచివాడే. మీ అత్తగారి పాటలంటే ప్రాణం. చిక్కంతా అక్కడే ఉంది. ఆవిడ ఇరవై దాటిన కొత్తలో ఏ శ్రుతిలో పాడారో, యాభై దాటిన నేనూ ఆ శ్రుతిలోనే పాడాలంటాడు.

ఒక్క సాయం చెయ్యి. పాట పూర్తయినప్పుడల్లా సీడీ పంపుతాను. ఆవిడకి వినిపించి, ఏమన్నారో రాయి. తిట్టినా పర్వాలేదు. ఆవిడ నోటి మాట నా చెవిన పడాలి.

నీ
కీచురాయి


మా ఇల్లు, వంటింటి బల్ల దగ్గర,
జూన్ చివర.

కీచూ,

నీ ఉత్తరం చూసి గట్టిగా నవ్వేశాను. ఈ గోడలు అదిరిపడి ఉంటాయి. ఆ ఎనిమిది పాటలూ నువ్వు కాకపోతే ఇంకెవరు పాడతారు?

తాళం అని పిలిచావు కదా, ఇప్పుడు నడుముకి గుత్తే వేలాడుతోంది. అత్తయ్య చెప్పకుండా వీధిలోకి వెళ్ళిపోతున్నారని ముందు తలుపుకి, వెనక తలుపుకి, మేడ తలుపుకి కూడా తాళాలు వేస్తున్నాను. అప్పుడు వేసిన తాళం వేరు, ఇప్పుడు వేస్తున్న తాళం వేరు. బడిలో లెక్కలు చెప్పే పని మానేశాను. ముందు సెలవు పెట్టాను, సెలవు అయిపోయింది, అత్తయ్యని చూసుకోవడం అయిపోలేదు. మా ఆయన పని ఊళ్ళు తిరిగేది. వారానికోసారి వస్తారు. వచ్చిన రోజు వాళ్ళమ్మ పక్కన కూర్చుని పేపరు చదువుతారు, నేను పడుకుంటాను. మా కాపురం ప్రస్తుతానికి అది.

అత్తయ్య బాగానే ఉన్నారు. కాస్త మతిమరుపు, అంతే. నీ మొదటి పాట వినిపించాను. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళతో తాళం వేశారు. అయ్యాక, "ఎత్తుగడ చక్కగా ఉంది. ఈ అమ్మాయి పాటని బతిమాలదు, పిలుస్తుంది" అన్నారు.

ఇది చాలా? ఇంక హాయిగా పాడు.

తాళం


సైకిల్ షాపు మీది గది,
జూలై.

నా బంగారు తాళం,

"పాటని బతిమాలదు, పిలుస్తుంది." ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో! ఉత్తరం స్టూడియోకి తీసుకెళ్ళి అందరికీ చదివి వినిపించాను. ఇంకోసారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ మాట అట్ట వెనక అచ్చు వేయిస్తానని కూర్చున్నాడు. పుట్టినరోజున కెమెరాలు తీసుకుని మీ ఇంటికొస్తాడట. ముందే చెప్పి ఉంచుతున్నాను, కుర్చీలు సర్దుకో.

నాలుగు పాటలయ్యాయి. నాలుగోది రైలు పాట. రెండో చరణంలో పైకి ఎక్కే చోటు ఉంది చూడు, అక్కడ నాకు ఊపిరి చాలడం లేదు. ఒక పూటంతా అక్కడే గడిచిపోయింది. ఆవిడ ఆ వరుసలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో ఎన్నిసార్లు విన్నా తెలియడం లేదు. అడిగి చెప్తావా?

కాస్త జలుబు చేసినట్టుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకుని తిరుగుతున్నాను. పొద్దుటిపూట పాడలేనని చెప్పి మధ్యాహ్నాలకి మార్పించుకున్నాను. ఈ గదిలో సాయంత్రం సైకిళ్ళ బెల్లులు సరిచూస్తుంటారు. ఒక్కటీ శ్రుతిలో మోగదు. అయినా మంచం మీద పడి వింటుంటే ఆ మోత హాయిగానే ఉంటుంది. అక్కడ ఎవరూ బెల్లుని ఇంకోసారి అనరు.

కీచు


మా ఇల్లు,
ఆగస్టు.

కీచూ,

రైలు పాట వినిపించాను. ఊపిరి సంగతి అడిగితే, "అది నా ఒంటికి తెలుసు, నాకు తెలియదు" అన్నారు. నీ ఒంటికి ఎక్కడ వీలైతే అక్కడ తీసుకో.

ఆ మాట అట్ట మీద వేయించొద్దని ఇంకోసారి గారికి చెప్పు. ఇంట్లో అన్నమాటలు ఇంట్లోనే ఉండాలి. కెమెరాలు కూడా వద్దు. అత్తయ్యకి జనం అలవాటు తప్పింది.

ఈ వారం మా ఆయన రాలేదు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. ఉతకాల్సినవి నానబెట్టి ఉన్నాయి.

తాళం


సైకిల్ షాపు మీది గది,
ఆగస్టు చివర.

తాళానికి,

నీ ఉత్తరం నాకు మింగుడు పడలేదు. రెండు నెలల క్రితం పొగిడిన మనిషివి, ఇప్పుడు అచ్చు వేయొద్దంటున్నావు. ఆవిడకి మిగతా పాటలు నచ్చలేదా? అయితే అలాగే రాయి. నేను చిన్నపిల్లనా? ఇన్నేళ్ళు ఆవిడ నీడలో నిలబడి పాడాను. ఆ నీడే నన్ను పొమ్మంటోందని తెలిస్తే తట్టుకోగలను. నువ్వు నా దగ్గర దాస్తున్నావంటే మాత్రం కష్టంగా ఉంది.

అట్ట అప్పుడే ప్రెస్సుకి వెళ్ళిపోయింది. నా చేతిలో లేదు.

ఆరో పాట సీడీ ఇందులో పెట్టాను. వినిపిస్తే వినిపించు, లేదా బల్ల సొరుగులో పడెయ్యి.

జలుబు ఇంకా తగ్గలేదు. అంతే సంగతులు.


మా ఇల్లు, వంటింటి బల్ల దగ్గర,
సెప్టెంబరు.

కీచూ,

నన్ను తిట్టుకుంటూనే చదువు, కానీ చివరిదాకా చదువు.

అత్తయ్యకి మతిమరుపు కాదు. ఆవిడకి తనెవరో తెలియదు. నన్ను ఒక రోజు నర్సు అంటారు, ఒక రోజు వాళ్ళ చిన్నాన్న కూతురంటారు. మా ఆయన్ని "మీరెవరండీ" అని మర్యాదగా అడుగుతారు. ఆయన రాకలు తగ్గింది అందుకేనని నా అనుమానం. రేడియోలో తన పాట వస్తే చెవులు మూసుకుని "ఎవరా గోల" అంటారు. నీ మొదటి పాట పెట్టినప్పుడూ అదే అన్నారు. కుర్చీలో వాలడం, వేళ్ళతో తాళం, పాటని పిలవడం, అన్నీ నేనే ఈ బల్ల దగ్గర కూర్చుని అల్లాను. అన్నేళ్ళకి నీ పేరు ఒక అట్ట మీద పడుతోంది. "ఎవరా గోల" అన్నారని నీకెలా రాయను? ఊపిరి మాట కూడా నాదే. రాసేటప్పుడు బాగుందనుకున్నాను, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కానీ ఇప్పుడు రాసేది నేను అల్లింది కాదు.

మొన్న మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ నీ ఆరో పాట పెట్టాను. ఆవిడకి కాదు, నాకోసమే. అత్తయ్య గోడ పట్టుకుని నడిచి వచ్చారు. చెవులు మూసుకోలేదు. స్పీకరు పక్కన నేల మీద కూర్చున్నారు. పాట మొత్తం విన్నారు. తర్వాత నా చెయ్యి తీసుకుని తన గొంతు కింద ఆనించుకున్నారు.

"ఈ పిల్లకి ఇక్కడ నొప్పి" అన్నారు.

"జలుబు అత్తయ్యా" అన్నాను.

"జలుబు ముక్కులో ఉంటుంది. ఇది జలుబు కాదు. పై మాట అనేముందు మింగుతోంది చూడు. నొప్పిని మింగి పాడుతోంది. ఆపమని చెప్పు."

సరే చెప్తానన్నాను. కాసేపటికి మర్చిపోతారనుకున్నాను. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి, చీకటిపడే దాకా "చెప్పావా? ఆపిందా?" అని నా వెనకే తిరిగారు.

ఇన్ని నెలల్లో ఆవిడ నీ గురించి నిజంగా అన్న మాట ఇదొక్కటే. ఇప్పుడు నువ్వు కూడా నిజం చెప్పు.

తాళం


సైకిల్ షాపు మీది గది,
సెప్టెంబరు మూడోవారం.

తాళం,

నిన్ను తిట్టుకోలేదు. ఆ మాట నీదని తెలిశాక ఇంకా నచ్చింది. ఆవిడైతే మర్యాదకి అన్నారేమో అనుకోవచ్చు. నువ్వు నన్ను చిన్నప్పటి నుంచి విన్నదానివి.

ఇక నా సంగతి. రెండో పాట తర్వాత గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న కెమెరా గొట్టం ముక్కులోంచి లోపలికి దింపి, తెర మీద నాకే చూపించాడు. స్వరం పలికే తీగ మీద కాయ కాసినట్టు ఉంది. "ఈ రోజు నుంచి పాట బంద్, మాట కూడా బంద్. ఆపరేషన్ చేయాలి" అన్నాడు. "చేశాక పైస్వరాలు వస్తాయా?" అని అడిగితే, "పని చేసుకునే గొంతు ఇస్తాను. పైస్వరాల గురించి మాట ఇవ్వలేను" అన్నాడు.

మాట ఇవ్వలేనన్నాడు కాబట్టి ముందు ఆల్బమ్ అవగొడదామనుకున్నాను. ఆ తర్వాత ఏమైనా కానీ అనుకున్నాను. మొన్న ఏడో పాట అయ్యాక ఉమ్మిలో ఎరుపు కనిపించింది. కడిగేసుకుని బయటికొచ్చి బాగా వచ్చిందని నవ్వాను. తమ్ముడికి చెప్పలేదు, మరదలికి చెప్పలేదు. నీ ఉత్తరం చదివేదాకా ఎవరికీ తెలియదనే ధైర్యంతో ఉన్నాను. తనెవరో తెలియని మనిషికి, ఎక్కడో కూర్చున్న మనిషికి తెలిసిపోయింది.

ఇంకోసారి గారికి చెప్పేశాను. "ఒక్కటే కదండీ మిగిలింది. అది కానిచ్చి వెంటనే ఆపరేషన్ చేయించుకోండి. మరీ కుదరదంటే ఒక కొత్తమ్మాయి ఉంది, ఆ ఒక్కటీ తనతో పాడిస్తాం" అన్నాడు. పనిలో పనిగా అట్ట మీద మాట నీదని కూడా చెప్పాను. "ఎవరో ఒకరు అన్నారు కదండీ" అన్నాడు.

మిగిలింది ఎదురుచూపు పాట. అన్నిటికంటే ఎత్తైనది. జనం ఆవిడని తలుచుకునేదే ఆ పాటతో. అది లేకపోతే ఆల్బమ్ లేనట్టే. అది వేరే అమ్మాయి పాడితే, ఈ ఏడు పాటలూ నేను పాడనట్టే.

ఏం చేయమంటావు? అలిసిపోయాను తాళం. ఆలోచించడానికి కూడా ఓపిక లేదు.

కీచు


మా ఇల్లు,
సెప్టెంబరు చివర.

కీచూ,

ఇక నీకు తీపి మాటలు రాయను. ఒట్టు.

మొన్న మా ఆయన వచ్చారు. అత్తయ్య అన్నది చెప్తే, తినడం ఆపి పాత సంగతి బయటపెట్టారు. ఆయన చిన్నప్పుడు కొన్ని నెలలు వాళ్ళమ్మ పలక మీద రాసి మాట్లాడేవారట. పిల్లలకి అదొక ఆటలా ఉండేదట. ఇప్పుడు తెలిసింది, అత్తయ్యకీ ఇదే వచ్చింది. నొప్పి పెట్టుకుని చాలాకాలం పాడారు, ఆపరేషన్ అయింది. గొంతు వచ్చింది కానీ కిందికి వచ్చింది. ఆ గొంతుతో పాడటానికి ఆవిడ సిద్ధంగానే ఉన్నారట. కంపెనీలు పిలవలేదు. సంసారం కోసం మానేశారని పత్రికల్లో రాశారు. ఇంట్లో కూడా అదే చెప్పుకున్నారు. ఫోన్ మోగితే ఆవిడ ఎందుకు లేస్తారో నాకిప్పుడు అర్థమైంది.

కాబట్టి ఆపరేషన్ తర్వాత అంతా మామూలవుతుందని నేను రాయను. నిన్ను కూడా పిలవకపోవచ్చు. అయినా ఆ శ్రుతిలో ఆ పాట పాడొద్దు. ఒక్క అట్ట కోసం తమ్ముడి పిల్లల్ని పేరుపెట్టి పిలిచే గొంతు పోగొట్టుకోకు.

అత్తయ్య ఇవాళ కూడా అడిగారు, "ఆపిందా?" అని. ఎవరు అంటే తెలియదు. ఆపిందా అని మాత్రం అడుగుతున్నారు.

తాళం


స్టూడియో బయట మెట్ల మీద,
అక్టోబరు.

తాళం,

అయిపోయింది.

పొద్దున వెళ్ళి ఇంకోసారి గారికి రెండే మాటలు చెప్పాను. పాట శ్రుతి నాకు హాయిగా ఉన్నంత కిందికి దించాలి. ఒక్కసారే పాడతాను. కాదంటే కొత్తమ్మాయిని పిలుచుకోవచ్చు, ఆ ఏడింటి మీదా నా పేరు కొట్టేసుకోవచ్చు.

"జనం ఒప్పుకోరండీ. అది ఆవిడ పాటలా ఉండదు" అన్నాడు.

"ఉండదు. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాడారు. నేను ఇలా ఉన్నప్పుడు పాడుతున్నాను" అన్నాను.

వయొలిన్ వాళ్ళు విసుక్కుంటూనే కొత్త శ్రుతికి మార్చుకున్నారు. ఆ బీరువాలో నిలబడి, పక్కమనిషికి చెప్పినట్టు మెల్లగా పాడాను. ఎక్కడా ఎవరిలాగానూ పాడలేదు. అలా పాడటం నాకు కొత్త. అవగానే అద్దం అవతల వేలు లేచింది. "చాలా బాగుందండీ. ఒక్కటే ఒక్కసారి, ఇంకోసారి..." హెడ్‌ఫోన్ తీసి మేకుకి తగిలించి బయటికొచ్చేశాను.

ఇప్పుడు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఎవరికో పన్ను పీకుతున్నారు. రేపు ఆసుపత్రిలో చేరుతున్నాను. తమ్ముడు వస్తున్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళు మాట్లాడకూడదో డాక్టరు చెప్తాడట. మొదట బయటికొచ్చే మాట ఎలా ఉంటుందోనని భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కీచు


మా ఇల్లు,
నవంబరు.

కీచూ,

ఆపరేషన్ బాగా జరిగిందని నీ తమ్ముడు రాశాడు. నువ్వు చీటీల మీద ఇల్లంతా ఏలుతున్నావట.

నిన్న పుట్టినరోజు. వద్దన్నా కెమెరాలు వచ్చాయి. మా హాల్లో అన్ని దీపాలు ఎప్పుడూ వెలగలేదు. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు. చేతిలో పూలు పెడితే ఒక్కో రేకూ తుంచి ఒళ్ళో పోసుకున్నారు. నీ పాటలు వరసగా పెట్టారు. ఇంకోసారి గారు మోకాళ్ళ మీద కూర్చుని, "ఎలా ఉందమ్మా?" అన్నాడు. "మంచినీళ్ళు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆఖరుకి ఎనిమిదో పాట వచ్చింది. అత్తయ్య రేకులు తుంచడం ఆపారు. స్పీకరు వైపు వంగి, అందులో ఎవరో ఉన్నట్టు చూస్తూ విన్నారు. ఈసారి గొంతు మీదికి చెయ్యి పోలేదు. పాట అయ్యాక ఆ స్పీకరుతోనే అన్నారు, "చాలమ్మా. బాగా వచ్చింది. ఇంక ఇంటికెళ్ళు."

కెమెరా అబ్బాయికి ఆ మాట సరిగ్గా అందలేదట. ఇంకోసారి గారు కంగారుపడి, "అమ్మా, ఇంకోసారి అనండమ్మా" అన్నాడు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "నీకు ఇల్లు లేదా బాబూ?" అన్నారు.

కీచూ, ఇది నేను అల్లింది కాదు. మా ఆయన నిన్న ఇంట్లోనే ఉన్నారు, అడుగు.

అందరూ వెళ్ళాక కప్పులు కడిగాను. రేకులు ఊడ్చాను. అత్తయ్య కుర్చీలోనే నిద్రపోయారు. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంటే, ఆ మాట నాతో కూడా అన్నట్టనిపించింది. కానీ నేను ఇంట్లోనే ఉన్నాను కదా. ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళను?

తాళం


తమ్ముడి ఇల్లు,
నవంబరు చివర.

తాళం,

నీ ఉత్తరం చదివి ఏడవబోతే మరదలు పరుగున వచ్చింది. ఏడుపు కూడా గొంతుకి పనేనట, డాక్టరు వద్దన్నాడట. అందుకని నోరు మూసుకుని కళ్ళతో మాత్రం ఏడ్చాను. చాలా కష్టమైన విద్య. పాట కంటే కష్టం.

ఆల్బమ్ గురించి పత్రికలో రాశారు. ఏడు పాటలు అచ్చం ఆవిడేనట. ఎనిమిదోది ఎందుకు అలా పాడిందో తెలియదట. తమ్ముడు ఆ పత్రిక దాచబోతే నేనే లాక్కుని చదివాను. పర్వాలేదు. వినేవాళ్ళు విన్నారు.

లోపలి పుండు చాలావరకు మానిందని డాక్టరు చెప్పాడు. మాట మాత్రం ఇంకో నెల దాకా వద్దన్నాడు. ఈ నెల ఇక్కడ కూర్చుంటే పిల్లలకి నా చీటీలతో కాలక్షేపం, అంతకంటే ఉపయోగం లేదు. శనివారం బస్సుకి మీ ఇంటికి వస్తున్నాను. తమ్ముడు టికెట్ తీశాడు, వద్దని రాయకు. మీ అత్తగారికి నేనెవరో తెలియదు, చెప్పడానికి నాకు గొంతు లేదు. మా ఇద్దరికీ బాగానే కుదురుతుంది. ఆవిడ ఎటు నడిస్తే అటు నడుస్తాను, కూర్చుంటే కూర్చుంటాను.

నేనొచ్చాక కుశల ప్రశ్నలు పెట్టుకోకు, ఎలాగూ బదులు చెప్పలేను. నా చేతిలో సంచీ అందుకోవడానికి కూడా ఆగకు. తలుపు తీసి, నేరుగా వెళ్ళి పడుకో.

కీచురాయి